ఉద్దండపురంలో భోజనం సీటు

వాకలపూడి గంగరాజు రైస్ మిల్లులో ఫోర్‌మన్. గుప్పెడు బియ్యం అరచేతిలో వేసుకుని, ఒకసారి ఉఫ్ మని ఊది, అవి ఏ చేలో పండాయో, ఎన్నాళ్లు గోదాములో మగ్గాయో, ఎసట్లో పడ్డాక పలుకుగా ఉంటాయో ముద్దవుతాయో చెప్పగల మనిషి. అటువంటి గంగరాజుకి అన్నం గురించి ఓనమాలు కూడా రావని ఉద్దండపురం విశ్వవిద్యాలయం వారు ఒక శనివారం నాడు పరీక్ష పెట్టి మరీ తేల్చారు.

ఆయన వెళ్లింది పరీక్ష రాయడానికి కాదు. కూతురు నాగశ్రీ అక్కడ సంఖ్యాశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, యూనివర్సిటీ మొత్తానికి ఫస్టు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి స్నాతకోత్సవం. అందులో పిల్లకి బంగారు పతకం ఇస్తారు. వాళ్ల వంశంలో పతకం మాట అటుంచి, పదో తరగతి గట్టెక్కిన వాళ్లే ఇద్దరు. గంగరాజు ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా తొడుక్కుని, భార్య బేబీ సరోజినిని వెంటబెట్టుకుని, తెల్లవారుజామున బస్సెక్కి, పదింటికల్లా ఉద్దండపురంలో దిగాడు.

భోజనం ఎక్కడ చెయ్యాలన్నది ఆయన రెండేళ్ల కిందటే నిర్ణయించుకున్నాడు. ప్రతి ఆదివారం ఫోన్లో "ఏం తిన్నావమ్మా?" అని అడిగితే, నాగశ్రీ చంద్రకాంతం గారి మెస్సు గురించి చెప్పేది. గారెలు, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గడ్డ పెరుగు. ఆ వర్ణన వింటూ గంగరాజు ఇంట్లో అన్నం సగంలో వదిలేసిన రోజులున్నాయి. ఇవాళ అక్కడ కడుపునిండా తిని, పెరుగన్నంతో ముగించి చెయ్యి కడుక్కుని, కూతురి పతకం చూడాలని ఆయన పథకం. సరోజినికి శనివారం ఒక్కపొద్దు. రాత్రికి గానీ తినదు. "మీరు తింటుంటే చూస్తాన్లెండి" అంది.

యూనివర్సిటీ గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"భోజనం అయ్యిందాండీ?"

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు గంగరాజు. "ఇంకా లేదు బాబూ. పదేగా అయ్యింది. నువ్వు తిన్నావా?"

"నా సంగతి కాదండీ. మీ భోజనం సర్టిఫికెట్ చూపించండి. అది లేందే విజిటర్స్‌ని లోపలికి పంపవండీ."

సంగతేమిటంటే, అంతకు ముందటి ఏడు స్నాతకోత్సవంలో ఉపకులపతి గారు రెండు గంటల నలభై నిమిషాలు ప్రసంగించారు. ఆ ప్రసంగంలో ముగ్గురు తండ్రులు, ఒక మేనమామ కళ్లు తిరిగి కుర్చీల్లోంచి జారిపోయారు. దాని మీద విచారణ సంఘం వేశారు. ప్రసంగాన్ని పరిశీలించే అధికారం సంఘానికి లేదు కనుక సంఘం తండ్రుల్ని పరిశీలించింది. నలుగురూ ఆ రోజు అన్నం తినలేదని తేలింది. అంచేత ఇకమీదట అన్నం తిన్నట్టు రుజువు చూపని బయటివారిని లోపలికి రానివ్వకూడదని తీర్మానించారు.

అక్కడితో ఆగినా బాగుండేది. అందర్నీ తినమంటే అందరూ చంద్రకాంతం గారి మెస్సుకే పోతారు, ఊళ్లో మిగతా భోజనశాలలకి అన్యాయం జరుగుతుంది అని ఒక సభ్యుడు లేచి అన్నాడట. విశ్వవిద్యాలయానికి తెలిసిన న్యాయం ఒక్కటే. ప్రవేశ పరీక్ష, ర్యాంకు, కౌన్సెలింగు. ఆ పద్ధతిలోనే అన్నం కూడా పంచుదామన్నారు. అలా పుట్టింది అతిథి భోజన సమన్వయ విభాగం.

విభాగం వారు కొలువు తీరింది గేటు పక్కనే, రోడ్డు వైపు తెరుచుకునే ఇండోర్ స్టేడియంలో. గంగరాజు దంపతులు వెళ్లేసరికి అప్పటికే రెండు వేల మంది తల్లిదండ్రులు వరసల్లో నిలబడి ఉన్నారు. వేదిక మీద కన్వీనరు ఆచార్య విశ్వంభరం గారు మైకు పట్టుకుని ఉన్నారు. మెడలో అరచెయ్యంత బ్యాడ్జీ.

"సమస్త సందర్శకులకు తెలియజేయునది ఏమనగా, ఆకలి గొన్న ప్రతి వ్యక్తికీ తన ప్రతిభకు తగిన భోజనం అందించుటయే మా విభాగ పరమావధి. దరఖాస్తుదారులు ముందుగా టీసీ సమర్పించవలెను."

"టీసీ ఏంటండీ?" అన్నాడు గంగరాజు, తన ముందు నిలబడిన పెద్దాయనతో.

బక్కపల్చటి ముసలాయన. ఖద్దరు చొక్కా, మందపాటి కళ్లద్దాలు. "పొద్దున్న టిఫిన్ ఎక్కడ చేశారో అక్కణ్ణించి బదిలీ పత్రమట" అన్నాడు. "నేను రైల్లో రెండు అరటిపళ్లు తిన్నాను. వాటికి టీసీ ఎవరిస్తారో తెలీక అరగంట నుంచి నిలబడ్డాను. నా పేరు నేమాని త్రివిక్రమం. ఇవాళ్టి సభకి ముఖ్య అతిథిని నేనే."

గంగరాజు ఉలిక్కిపడి దణ్ణం పెట్టాడు. "అయ్యబాబోయ్! మీరిక్కడ నిలబట్టవేంటండీ?"

"నేనూ అదే అడిగాను. ముఖ్య అతిథి కూడా అతిథే కదా అన్నారు కన్వీనరు గారు. విశేషణం చేరినంత మాత్రాన నామవాచకం మారదన్నారు. వ్యాకరణం ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే."

త్రివిక్రమం గారి అరటిపళ్లను "సంచార అల్పాహారం" అనే పద్దు కింద సర్దారు. గంగరాజు వంతు వచ్చింది.

"ఉదయం ఏమి భుజించితిరి?"

"ఉప్మా అండీ. ఇంటి దగ్గిరే."

"సంస్థాధిపతి ఎవరు?"

గంగరాజు సరోజిని వైపు చూపించాడు. విశ్వంభరం గారు ఆవిడ చేతికి ఒక ఫారం అందించారు. సదరు గంగరాజు సదరు ఉప్మాను పూర్తిగా తినివేసెననియు, ఇకపై ఆ వంటగదిలో అతడు ఆశించునది ఏమియు లేదనియు, అతని నడవడిక ఫలానా విధముగా ఉండెననియు అందులో రాసి ఉంది. సరోజిని నడవడిక గడి దగ్గర కలం ఆపి, మొగుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసి, 'పర్వాలేదు' అని రాసింది.

"పర్వాలేదు అన్న శ్రేణి లేదమ్మా. ఉత్తమం, సంతృప్తికరం, అసంతృప్తికరం. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవలెను."

సరోజిని చాలాసేపు ఆలోచించింది. వెనక వరసలో వాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"ఏంటే అంతసేపు?" అన్నాడు గంగరాజు, చెమట తుడుచుకుంటూ.

"ఉండండి. ఇరవయ్యేడేళ్లవి గుర్తు తెచ్చుకోవద్దా?"

చివరికి సంతృప్తికరం అని రాసింది. కాఫీ మాత్రమే తాగినట్టు రాసిన ఆవిడ టీసీ మీద గంగరాజు సంతకం చెయ్యాల్సి వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఉత్తమం మీద టిక్కు పెట్టాడు. ముందు జాగ్రత్త.

పదకొండున్నరకి ప్రవేశ పరీక్ష. ముప్పై ప్రశ్నలు, అరగంట. తప్పు జవాబుకి పావు మార్కు కోత. సరోజిని తనకి ఒక్కపొద్దని, పరీక్ష వద్దని చెప్పి చూసింది. తినకపోవడానికైనా సీటు రావాలి, సీటు లేకుండా తినకపోతే గైర్హాజరు కింద లెక్క అన్నారు.

గంగరాజు ధైర్యంగానే కూర్చున్నాడు. మొదటి ప్రశ్న చూడగానే మొహం వెలిగిపోయింది. అన్నం ఉడికినట్లు తెలుసుకొను విధానమేది? ఎ) మెతుకు నొక్కి చూచుట. బి) వాసన. సి) కుక్కరు కూత. డి) పైవేవీ కావు. ఆయన ఎ అని పెట్టాడు. ముప్పయ్యేళ్ల అనుభవం మరి. రెండో ప్రశ్న, సాంబారులో ములక్కాడ ముక్క పొడవు ఎన్ని అంగుళాలు? గంగరాజు మనసులో ములక్కాడని కొలిచి రెండున్నర అన్నాడు. పదో ప్రశ్న, ఆవకాయకి అన్నం ఎట్లో ఉపకులపతికి ఏది అట్లు? అక్కడ ఆయన 'డి) పైవేవీ కావు' దగ్గర చుక్క పెట్టాడు.

పక్క బల్ల మీద త్రివిక్రమం గారు నలభై ఏళ్లు పోషకాహార శాస్త్రం బోధించిన మనిషి. ఆయన తల పట్టుకుని, "ఏమండీ, పప్పులో మాంసకృత్తులు ఎన్ని అన్న ప్రశ్నకి నాలుగు జవాబులూ తప్పే!" అంటున్నారు. సరోజిని మాత్రం రెండు నిమిషాల్లో ముప్పై ప్రశ్నలకీ సి అని పెట్టేసి, కాగితం ఇచ్చేసి, బయట పంపు దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చింది.

ఫలితాలు పన్నెండున్నరకి గోడకి అంటించారు. సరోజినికి మూడో ర్యాంకు. గంగరాజుకి వెయ్యిన్నూట ఎనభై ఆరు. త్రివిక్రమం గారిది పంతొమ్మిది వందల పైచిలుకు.

"ఒకటో ప్రశ్నకి కుక్కరు కూతేంటండీ?" అని గంగరాజు కన్వీనరు గారి దగ్గరికి వెళ్లి గోలపెట్టాడు. "కుక్కరు కూసేది ఆవిరికండీ. లోపల బియ్యం లేకపోయినా కూస్తది!"

"కీ ప్రామాణిక గ్రంథం ఆధారంగా తయారైనది. నేమాని వారి ఆహార విజ్ఞానం."

త్రివిక్రమం గారు చెయ్యెత్తారు. "ఆ నేమాని నేనే. నేనలా రాయలేదు."

"మీ అభ్యంతరం లిఖితపూర్వకంగా ఇవ్వండి. గ్రంథకర్త అభిప్రాయాన్ని గ్రంథంతో సరిపోల్చి, ముప్పై రోజులలో తెలియజేయగలము."

తర్వాత ఆప్షన్లు పెట్టుకోమన్నారు. ఊళ్లో భోజనశాలలు పన్నెండే. రెండు వేల మందికి పన్నెండు చాలవు కాబట్టి, గొంతులోకి ఏదైనా దిగేది అమ్మే ప్రతి దుకాణాన్నీ అనుబంధ భోజనశాలగా గుర్తించారు. గంగరాజు మొదటి ఆప్షన్ చంద్రకాంతం గారి మెస్సు, రెండో ఆప్షన్ చంద్రకాంతం గారి మెస్సు, మూడోది కూడా అదే పెట్టాడు. కంప్యూటరు ఒంటిగంటంపావుకి కేటాయింపులు ప్రకటించింది. సరోజినికి చంద్రకాంతం గారి మెస్సు, కిటికీ పక్క సీటు. గంగరాజుకి వరప్రసాద్ జిరాక్స్ అండ్ కూల్‌డ్రింక్స్.

"ఆయ్, జిరాక్స్ షాపులో నన్నేం తినమంటారండీ?"

"అచ్చట బిస్కట్లు లభించును. ఇరువైపులా" అన్నారు విశ్వంభరం గారు. ఇరువైపులా అన్న మాట జిరాక్స్‌కి చెందిందో బిస్కట్లకి చెందిందో ఎవరికీ అర్థం కాలేదు.

"మా ఆవిడ ఒక్కపొద్దండీ. ఆవిడ సీటు నాకిప్పించండి."

"ప్రతిభ బదిలీ కాదు. వివాహం వలన ఆస్తి సంక్రమించవచ్చు, ర్యాంకు సంక్రమించదు. కావలసినచో మీరు స్లైడింగుకు దరఖాస్తు చేయవచ్చును."

స్లైడింగు అంటే పై సీటు ఖాళీ అయితే జరిగే అవకాశం. గంగరాజు పెట్టుకున్నాడు. అలా పెట్టుకోగానే చేతిలో ఉన్న సీటు పోతుందన్న సంగతి ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంది. పది నిమిషాల్లో జిరాక్స్ షాపు ఇంకెవరికో వెళ్లిపోయింది. పై సీటు ఏదీ ఖాళీ కాలేదు. ఇప్పుడాయనకి బిస్కట్టు కూడా లేదు.

"మీరింక చివరి విడత, స్పాట్ కౌన్సెలింగుకి హాజరు కావలెను. వరసలో స్థానం విడిచినచో అవకాశం కోల్పోవుదురు."

సరోజిని అరగంటలో మెస్సులో రిపోర్టు చెయ్యకపోతే సీటు రద్దవుతుందన్నారు. గంగరాజే ఆవిణ్ణి బలవంతంగా పంపించాడు. "నువ్వైనా కాగితం మీద ముద్ర కొట్టించుకుని లోపలికెళ్లవే. ఒకళ్లన్నా పిల్లని చూడాలి గదా" అన్నాడు. సరోజిని కొంగు సర్దుకుని బయల్దేరింది.

రెండుంబావుకి ఫోను మోగింది.

"ఏవండీ, ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నానండీ."

"అదేంటి? అరవై సీట్లున్నాయన్నారుగా!"

"సీట్లొచ్చిన మిగతావాళ్లందరూ ఇంకా అక్కడే సర్టిఫికెట్ల తనిఖీ లైన్లో ఉన్నారట. చంద్రకాంతం గారు రెండొందల మందికి వండి కూర్చుంది పాపం. నాకు విస్తరేసింది. నేనేమో ముట్టను. పప్పు, దోసకాయ పచ్చడి, ఇప్పుడే గారెలు దింపిందండీ..."

"సరోజినీ, ఫోన్ పెట్టెయ్యి."

"పైన కరకరలాడుతా..."

"పెట్టెయ్యవే బాబూ!"

ఆయన వరసలో గోడకి ఆనుకున్నాడు. ఒకాయన జేబులో మరమరాలు దొరికితే, కేటాయింపు లేని ఆహారమని వాలంటీర్లు స్వాధీనం చేసుకున్నారు. ఒకావిడ బిడ్డ పెళ్లి ఫోటో చూపించి కుటుంబ కోటా అడుగుతోంది. ఫోటోలో పెళ్లికూతురు ఎడమవైపు చూస్తోంది కాబట్టి చెల్లదంటున్నారు. గంగరాజుకి ఆకలి దాటిపోయింది. గడియారం మాత్రం కనిపిస్తోంది. మూడింటికి పది నిమిషాలు.

మూడయ్యింది. సభాభవనంలో ఉపకులపతి గారు వేదికెక్కి చూస్తే, ముందు వరసల్లో గౌనులు తొడుక్కున్న పిల్లలు, వెనక రెండు వేల ఖాళీ కుర్చీలు. ముఖ్య అతిథి కుర్చీ కూడా ఖాళీయే. రిజిస్ట్రారు గారు పరుగెత్తుకుంటూ స్టేడియానికి వచ్చారు.

"త్రివిక్రమం గారూ! రండి సార్, అందరూ మీకోసమే ఎదురు చూస్తున్నారు!"

త్రివిక్రమం గారు ఆశగా రెండడుగులు వేశారు. గేటు దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "భోజనం సర్టిఫికెట్ అండీ."

"ఈయన ముఖ్య అతిథయ్యా!"

"అలాంటప్పుడు బాగా తిని ఉండాలి గదండీ" అన్నాడు గార్డు.

రిజిస్ట్రారు కన్వీనరు వైపు తిరిగారు. విశ్వంభరం గారు నిబంధనల పుస్తకం మూసి, కళ్లు కూడా మూసి ఆలోచించారు. "ఒక్కరికి మినహాయింపు ఇచ్చినచో మిగిలిన రెండు వేల మంది న్యాయస్థానానికి పోవుదురు. అయితే..." కళ్లు తెరిచారు. "భోజనం చేయనివారు సభాభవనంలోకి రాకూడదని మాత్రమే నిబంధన. సభ భోజనం చేయనివారి వద్దకు రాకూడదని ఎచ్చటా లేదు."

పావుగంటలో స్నాతకోత్సవం రోడ్డు మీదికి వచ్చింది. ముందు బ్యాండు, వెనక ఉపకులపతి గారు, ఆయన వెనక జరీ గౌనుల్లో డీన్లు, ఆ వెనక వెయ్యి మంది పట్టభద్రులు ఎండలో నడుచుకుంటూ స్టేడియంలోకి వచ్చారు. కౌన్సెలింగు బల్ల మీద ఎర్రగుడ్డ పరిచారు. వరసల్లో వాళ్లు ఎవరూ కదల్లేదు. కదిలితే సీటు పోతుంది.

"నాన్నా!" నాగశ్రీ వరస దగ్గరికి వచ్చి నిలబడింది. నల్ల గౌను, ఆకుపచ్చ పట్టీ. "ఇక్కడున్నారేంటి? అమ్మేది?"

"మీ అమ్మకి మెస్సులో సీటొచ్చిందమ్మా. నాకు రాలేదు." గంగరాజు తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూశాడు. "బాగానే రాశాను. కీ తప్పు."

నాగశ్రీ నవ్వాపుకోలేక గౌను చేతుల్లో మొహం దాచుకుంది. ఈలోగా ఉపకులపతి గారు నలభై ఒక్క పేజీల ప్రసంగం తీసి మొదలుపెట్టారు. "విద్య యనగా..." మూడో పేజీకి వచ్చేసరికి స్టేడియం తలుపు దగ్గర ఆటో హారన్ మోగింది. ఒకటి కాదు, నాలుగు ఆటోలు.

మొదటి ఆటోలోంచి సరోజిని దిగింది, చేతిలో సాంబారు బకెట్టుతో. ఆవిడ వెనక భారీగా, ముక్కుకి రెండువైపులా రాళ్ల పుడకలు పెట్టుకుని చంద్రకాంతం దిగింది. తర్వాత అన్నం డేగిసాలు, విస్తరాకుల కట్టలు, గ్యాసు బండ, పొయ్యి, పెద్ద మూకుడు.

"రెండొందల మంది తిండి పారబోసుకోమంటారేంటండీ?" అంది చంద్రకాంతం, ఉపకులపతి గారి మైకు కంటే గట్టిగా. "ఈ అమ్మే చెప్పింది. వాళ్లు రాలేకపోతే మనవే పోదామంది."

పొయ్యి వెలిగింది. నూనె కాగింది. మొదటి గారె మూకుట్లో పడ్డ చప్పుడుకి రెండు వేల తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. డీన్ల తలలు కూడా. ఉపకులపతి గారు నాలుగో పేజీ తిప్పబోయి, గాలి పీల్చి, "ఇంతటితో ముగిస్తున్నాను" అన్నారు. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అన్ని చప్పట్లు కొట్టించుకున్న ప్రసంగం లేదు.

ఆ తర్వాత పతకాలు. "సంఖ్యాశాస్త్రం. ప్రథమ స్థానం. వాకలపూడి నాగశ్రీ." త్రివిక్రమం గారు స్పాట్ కౌన్సెలింగు టోకెను పళ్ల మధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులతో పిల్ల మెడలో పతకం వేశారు. గంగరాజుకి పది అడుగుల దూరంలోనే. సభాభవనంలో అయితే ముప్పయ్యో వరసలో కూర్చుని, ముందున్న వాళ్ల తలల మధ్యనుంచి చూడాల్సి వచ్చేది. ఇక్కడ పతకం రిబ్బను ముడి కూడా కనిపించింది. సరోజిని బకెట్టు దించకుండానే ఏడ్చింది. గంగరాజు ఏడవలేదు గానీ, ముక్కు తుడుచుకుంటూ పక్కాయనతో, "మా పిల్లండీ" అన్నాడు. ఆ వెనకాయనతోనూ అన్నాడు. చివరికి గార్డు దగ్గరికి వెళ్లి అతనితోనూ అన్నాడు. అప్పుడు గానీ తను వరస వదిలేశానన్న సంగతి గుర్తు రాలేదు.

గుర్తొచ్చినా వెనక్కి పోలేదు. సరోజిని వేసిన విస్తరి ముందు కూర్చున్నాడు. ఒకవైపు నాగశ్రీ, ఇంకోవైపు త్రివిక్రమం గారు. అన్నం మెతుకు వేళ్ల మధ్య నొక్కి చూసి, "సరిగ్గా ఉడికింది" అన్నాడు. "అవును, అదే పద్ధతి" అన్నారు గ్రంథకర్త. ఆ ఇద్దర్నీ చూసి ఇంకో పది మంది కూర్చున్నారు. తర్వాత వంద మంది. వరసలన్నీ పంక్తులైపోయాయి. డీన్లు జరీ గౌనులు మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని సర్దుకున్నారు. మెస్సు వంట సరిపోదని తెలిసి, మిగతా పదకొండు హోటళ్ల వాళ్లూ తమ డేగిసాలు మోసుకొచ్చారు. జిరాక్స్ షాపు వరప్రసాద్ బిస్కట్ల డబ్బాతో సహా వచ్చి, అందరికీ పంచి, తనూ ఒక విస్తరి వేయించుకున్నాడు.

వేదిక మీద ఆచార్య విశ్వంభరం గారు ఒక్కరే మిగిలారు. పొద్దున్న ఆరింటి నుంచి ఆయన అక్కడే ఉన్నారు. ఆయన ఆ ఊరివారే కాబట్టి అతిథి కారు, అతిథి కానివారికి ఆయన నిబంధనల్లో ఎక్కడా భోజనం లేదు. కాసేపు మైకు పట్టుకుని, "ఇట్టి అనధికార భోజనము..." అన్నారు. ఎవరో "పచ్చడి ఇటు" అన్నారు. ఆయన మైకు ఆపి, మెల్లగా మెట్లు దిగి, పొయ్యి దగ్గరికి వచ్చి, నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా" అన్నారు, గొంతు బాగా తగ్గించి, "ప్రస్తుతం జరుగుచున్నది... ఏ విడత?"

చంద్రకాంతం మూకుట్లోకి చూసి గారెలు తిరగేసింది.

"రెండో వాయండీ" అంది. "వేడిగా ఉన్నాయి, కూర్చోండి."